నిమ్మపిందెల మీద నడిపిన కారు

రాస్తున్నావా తల్లీ? నాకు తెలుగు మాట వచ్చు గానీ తెలుగు అక్షరం రాదు. గుడియాత్తం బడిలో మాకు నేర్పింది అరవ అక్షరాలే. మీ అమ్మ పలమనేరు పిల్ల కాబట్టి నీకు రెండూ వచ్చాయి. నా మాటలను పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తానన్నావు, సరే, అట్లాగే రాయి. మనుషులు ఒకరితో ఒకరు అనుకున్నవి మాత్రం మార్చకు. మీ నాన్న మాట మీ నాన్న మాటలాగే ఉండాలి.

నువ్వు అడిగింది మీ నాన్న చేసిన చిన్న కార్ల గురించి. హాల్లో అద్దాల అల్మారాలో తొమ్మిది ఉన్నాయి. ఎనిమిదింటికి రంగు ఉంది. తొమ్మిదోది బూడిద రంగు ప్లాస్టిక్కుగానే ఉండిపోయింది. ఆరేళ్ల వయసులో నువ్వు దాన్ని విరగ్గొట్టావని, అందుకే మీ నాన్న అది పూర్తి చేయకుండా పోయాడని మన ఇంట్లో అంటారు. నువ్వూ అదే నమ్ముతున్నావు. ఆ కారు గురించి నీకు ఒక సంగతి చెబుతానని మీ నాన్నకు మాట ఇచ్చాను. పదకొండేళ్లయింది. ఇంకా చెప్పలేదు. ఈ రోజు చెబుతాను. కానీ మొదటి నుంచి చెప్పనీ. తొందరపెడితే మళ్లీ తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మీ నాన్న, అంటే నా కొడుకు, వేలూరులో కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేసేవాడు. తొరపాడి వైపు ఉండేది ఆ ల్యాబు. పొద్దున్నే ఇక్కడ గుడియాత్తంలో బస్సెక్కితే కే.వి.కుప్పం దాటేదాకా నిద్రపోతాడు, వేలూరులో దిగి ఇంకో బస్సు పట్టుకుంటాడు. సాయంత్రం ఇంటికి వస్తే గోళ్ల సందుల్లో తెల్లగా ప్లాస్టర్ పిండి. "చెయ్యి కడుక్కోరా, ఎవరి పల్లో ఏమో" అనేదాన్ని. "ఎవరి నోట్లోకీ పోలేదు మా, ఇంకా కొత్తదే" అనేవాడు.

ఒకసారి వేరే దేశం నుంచి ఒక ముసలాయన వేలూరు ఆసుపత్రికి వైద్యానికి వచ్చాడు. వచ్చిన మరుసటి రోజే ఆయన పళ్ల సెట్టు రెండు ముక్కలయింది. అన్నం తినలేక, మాట్లాడలేక కూర్చున్నాడట. మీ నాన్న మధ్యాహ్నం భోజనం మానుకుని దాన్ని అతికించి, నున్నగా అరగదీసి ఇచ్చాడు. ఆయన వాళ్ల ఊరికి తిరిగి వెళ్లాక ఒక అట్టపెట్టె పంపించాడు. పెట్టె మీద పొడుగాటి కారు బొమ్మ. లోపల కారు లేదు. ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా తగిలించిన ముక్కలు, వందకు పైన. వాటిని కత్తిరించి, అరగదీసి, జిగురుతో అతికించి మనమే కారు చేసుకోవాలి.

ఆ బొమ్మ చూసి నేను నవ్వాను. "ఇదేం కారురా? ముందర సైకిల్ చక్రాలు, ఎనక రుబ్బురోళ్లు. నడుమ నిచ్చెన పండబెట్టినట్టుండాది."

"రేసు కారు మా. ఇప్పుడుది కాదు, నువ్వు చిన్నబిడ్డగా ఉన్నప్పుడుది. డ్రాగ్ రేసు అంటారు."

"ఎంత దూరం పోతాది?"

"పావు మైలు."

"అంతేనా? దానికి ఇంత ఇంజనా? నడిచే పోవచ్చు గదరా."

"పది లెక్కబెట్టే లోపల పోవల్ల మా. నువ్వు నడిస్తే నడుమలో ముగ్గుర్ని పలకరించి, కీరాకు కట్ట బేరం చేసి, అప్పుడు పోతావు."

"మలుపులు తిరగదా?"

"తిరగదు. నేరుగా పొయ్యేదే. ఆపేదానికి ఎనక గొడుగు మాదిరి గుడ్డ విచ్చుకుంటాది."

"మళ్లా ఎట్ల వస్తాది?"

"అది రాదు మా. ఇంకో బండికి కట్టి లాక్కోనొస్తారు."

ఆ మాట విని "పాపం" అన్నాను. కారుకు పాపం ఏమిటని మీ నాన్న వారం రోజులు నన్ను ఆటపట్టించాడు.

ఆ మొదటి కారును బాగా చేయలేకపోయాడు. జిగురు ఎక్కువ పెట్టాడు. ముందు చక్రాలు వంకరగా కూర్చున్నాయి. నడిపేవాడి ముందు చిన్న అద్దం ఉంది చూడు, దాన్ని జిగురు చేత్తోనే పట్టుకున్నాడు. ఆ జిగురు ప్లాస్టిక్కును కరిగిస్తుందట. బొటనవేలి ముద్ర అద్దంలోకి దిగిపోయింది. ఎంత తుడిచినా పోలేదు. అప్పుడు ఎంత బాధపడ్డాడో. ఇప్పుడు నేను అల్మారా తుడిచినప్పుడల్లా దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తాను. గీతలన్నీ తెలుస్తాయి. ఫోటోల్లో ముఖం ఉంది గానీ వేలు ఇందులో మాత్రమే ఉంది.

ఆ తరువాత మీ నాన్నకు అదే ధ్యాస. ఏడాదికి ఒకటో రెండో పెట్టెలు తెప్పించుకునేవాడు. అన్నీ ఆ రేసు కార్లే, పాత కాలంవే. కొన్ని మామూలు కారులాగే ఉండి ముక్కు పైకెత్తుకుని ఉంటాయి, కొన్ని నిచ్చెనలాగా ఉంటాయి. ఆదివారం మన కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే, పళ్ల ల్యాబులో అరిగిపోయిందని పారేసిన పనిముట్లు ఇక్కడ కార్లకు పనికి వచ్చేవి. పంటిని చెక్కే చిన్న మొన, మైనం చెక్కే కత్తి, సన్నటి తీగ. ఇంజనుకు ఎనిమిది తీగలు పెట్టాలంటే ఆ తీగతోనే పెట్టాడు. పెట్టెలో అవి రావు. "లేకుంటే ఎవరికి తెలుస్తాదిరా?" అంటే, "నాకు తెలుస్తాది" అనేవాడు.

నాకూ అందులో ఒక పని ఉండేది. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక చాలా ఏళ్లు, నేను ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలకు లేబుళ్లు అతికించాను. అప్పట్లో మన వీధిలో ప్రతి గుమ్మంలోనూ అదే పని. మైదా గంజి వేలికి ఎంత అంటుకోవాలో, కాగితం ఏ మూల ముందు తాకాలో చూడకుండానే తెలిసేది. మీ నాన్న కార్ల మీద అంకెలు, చారలు, పేర్లు అతికించాలి కదా, అవి ఒక కాగితం మీద వస్తాయి. నీళ్లలో వేస్తే కాసేపటికి బొమ్మ కాగితాన్ని వదిలి తేలుతుంది. దాన్ని మెల్లగా కారు మీదికి జరపాలి. తొందరపడితే చుట్టుకుపోతుంది. మీ నాన్న రెండు పాడుచేశాక నేను పక్కన కూర్చున్నాను. ఒక్కటి కూడా ముడత పడలేదు.

"మా, నీ వేళ్లు ఇట్లాంటివని తెలిసింటే నిన్నే ల్యాబులో చేర్పిచ్చిందును. నేను ఇంట్లో వంట చేసిందును" అన్నాడు.

"నీ వంట తినేదానికి ముందు పళ్లు గట్టివి కావల్ల" అని మీ అమ్మ లోపల నుంచి అంది. అందరం నవ్వాం. అప్పుడు నువ్వు ఇంకా పుట్టలేదు.

సరే, నిమ్మపిందెల సంగతికి వస్తాను. మన ఇళ్లలో ఆయుధ పూజ ఎట్లా చేస్తామో నీకు తెలుసు. కత్తిపీట, మిక్సీ, కుట్టు మిషను, సైకిలు, అన్నీ కడిగి గంధం కుంకుమ పెడతాం. బండి ఉంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వాటి మీద నడిపిస్తాం. మొదటి ఏడు నేను మీ నాన్న పనిముట్లకు బొట్టు పెట్టి, కార్లకూ పెట్టాను. మరి నిమ్మకాయ? కారే చేయంత ఉంది, నిమ్మకాయ పెడితే కారు కనపడదు. పెరట్లో నిమ్మచెట్టుకు అప్పుడే పిందెలు దిగాయి, శనగగింజంత. నాలుగు తెంపి నాలుగు చక్రాల ముందు పెట్టాను. మీ నాన్న చూసి దగ్గు వచ్చేంతగా నవ్వాడు. మీ అమ్మను కేకేశాడు. "ఇట్ల రామ్మే, మీ అత్త ఏం చేసిందో చూడు! ఈ దేశంలో దీనికి లైసెన్సు ఇచ్చేసింది!" మరుసటి రోజు దూదితో బొట్లన్నీ నెమ్మదిగా తుడిచేశాడు. ప్రతి ఏడూ నేను పెట్టడం, తను తుడవడం. పిందెలను చక్రాల ముందు పెట్టి తీసేసేదాన్ని. మీద ఎప్పుడూ నడపలేదు.

నీకు అయిదేళ్లు నిండేటప్పటికి మీ నాన్నకు కాళ్లు వాచడం మొదలైంది. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. నాది తీసుకోండి అన్నాను. నాకు చక్కెర జబ్బు ఉందని వద్దన్నారు. వారానికి రెండు రోజులు వేలూరుకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. దాని సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు, ఆ చేతి మీద బరువు పెట్టకూడదు. ల్యాబు పని మానేశాడు. డయాలసిస్ రోజు ఇంటికి వచ్చి పడుకుంటే లేవలేడు. మరుసటి రోజు కూడా అంతే. ఆ తరువాతి రోజు కొంచెం తేటగా ఉంటాడు. ఆ ఒక్క రోజు కిటికీ దగ్గర బల్ల వేయమనేవాడు.

అప్పుడు మొదలుపెట్టిందే తొమ్మిదో కారు. మొదటిసారి ముసలాయన పంపాడే, సరిగ్గా అదే పెట్టె మళ్లీ తెప్పించాడు.

"ఇది చేసిందే గదరా?" అన్నాను.

"చేసింది కాదు మా, చెడగొట్టింది. అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. ఇదొకటి సరిగ్గా చేసేస్తే చాలు నాకు."

"చాలు గీలు అనొద్దు."

"సరి, అననులే. నువ్వు నీళ్లు ఇయ్యి. అర లోటాకే, తిట్టొద్దు."

నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన రోజులవి.

అది మెల్లగా సాగింది. ఆ చక్రాలు, ఆ ఇంజను, ఎనిమిది పొగ గొట్టాలు, అన్నీ ఒక్కొక్కటి. నువ్వు పక్కన స్టూలు మీద కూర్చుని ముక్కలు అందించేదానివి. "పేరు చెప్పి అడుగు నాయనా" అనేదానివి, డాక్టరమ్మ లాగా. రంగు తెలుపని ఇద్దరూ కలిసి అనుకున్నారు. అంకె నీ ఇష్టం అన్నాడు. నీకు ఆరేళ్లు కాబట్టి ఆరు అన్నావు. ఆ ఆరు అంకెను నువ్వే అతికించాలని, నేను చేయి పట్టుకుని చూపించాలని ఒప్పందం. నీకు ఇది గుర్తుందా? లేదా. సరే, రాయి.

ఆయుధ పూజకు ముందు తెల్ల రంగు కొట్టాడు. పాలరాయి మాదిరి వచ్చింది. దుమ్ము పడకుండా స్టీలు గిన్నె బోర్లించాడు. "మా, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు. రంగు పైకి ఆరినట్టు కనపడతాది గానీ లోపల ఆరలేదు. పూజ అయినాక నేనే పిలుస్తా, అప్పుడు నీ బొట్టు పెడుదువు" అన్నాడు. సరే అన్నాను.

పూజ రోజు డయాలసిస్ రోజు కూడా. దానికి పండగ లేదు కదా. పొద్దున్నే మీ అమ్మా నాన్నా బస్సెక్కారు. నువ్వూ నేనూ ఇంట్లో. నీ చేతికి కుంకుమ గిన్నె ఇచ్చాను. నువ్వు మిక్సీకి, తలుపులకు, నీ పలకకు, చివరికి నీ మోకాలికి కూడా బొట్టు పెట్టావు. తరువాత పక్కింటి వాళ్లు బొరుగులు పెడతామని పిలిస్తే వెళ్లావు.

ఇల్లు ఖాళీ అయిపోయింది. నేను కారు మీది గిన్నె ఎత్తి చూశాను. ఇంట్లో కత్తిపీటకు కూడా బొట్టు ఉంది, నా కొడుకు మనసంతా పెట్టుకున్న దానికి లేదు. అన్నిటికీ చేసి దీన్ని వదిలేస్తే ఏమవుతుందో అని భయం పట్టుకుంది. ప్రతి ఏడూ పిందెలు ముందు పెట్టి ఊరుకున్నాను, నడిపించలేదు, అరకొరగా చేశాను, అందుకే వాడికి ఇట్లా అయిందేమో అనిపించింది. నువ్వు నవ్వొద్దు. ఏ డాక్టరూ కారణం చెప్పకపోతే తల్లికి కారణం తనలోనే దొరుకుతుంది.

పెరట్లోకి పోయి నాలుగు పిందెలు తెచ్చాను. భరిణలో కుంకుమ తడిపి బొట్టు పెట్టాను. చక్రాల కింద పిందెలు పెట్టి, కారు మీద బొటనవేలు ఆనించి, స్వామీ అనుకుని ముందుకు తోశాను. వెనక చక్రాలు పెద్దవి, ఎక్కి దిగాయి. ముందు చక్రాల మధ్య ఉండేది అగ్గిపుల్ల కంటే సన్నటి కడ్డీ. టక్‌మంది. అంత చిన్న చప్పుడు. నేను ఇప్పటికీ అగ్గిపెట్టె తెరిచి పుల్ల విరిగితే ఉలిక్కిపడతాను.

బొట్టు తుడిచాను. చీర కొంగుతో తుడిచే కొద్దీ తెలుపంతా గులాబీ రంగుకు తిరిగింది. విరిగిన కడ్డీని దాని చోట ఆనించి, చూస్తే తెలియకుండా నిలబెట్టి, గిన్నె బోర్లించి వంటింట్లోకి పోయాను. వాడు వచ్చాక మెల్లగా చెబుదామనే అనుకున్నాను. ఆ మాట నిజం. కానీ అంతవరకే నిజం.

నువ్వు తిరిగి వచ్చావు. గౌను ముందు బొరుగులు, చేతిలో ఇంకా కుంకుమ గిన్నె. కారు మీది గిన్నె ఎత్తిన చప్పుడు నాకు వినిపించింది. "అవ్వా, దీనికి బొట్టు పెట్నే లేదు, నేను పెడతా ఉండా" అని హాల్లో నుంచి అరిచావు. వద్దు అనే మాట నోటి దాకా వచ్చింది. వద్దంటే ఎందుకని అడుగుతావు. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా గరిటె పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే గేటు తెరుచుకుంది. మీ అమ్మ ముందు వచ్చింది. నీ ఒక చేతిలో కారు, ఇంకో చేతిలో చక్రాలు.

"అయ్యో, ఏం చేసినావే!"

"నేనేం చెయ్యలేదు మా, ముట్టుకుంటే ఊడొచ్చేసింది."

"ముట్టుకుంటే ఊడొస్తాదా? నాయన ఎన్ని దినాలు కూర్చొని చేసినాడు? లేవను కూడా చేతకాని మనిషి!" అని నీ వీపు మీద కొట్టింది. రెండు దెబ్బలు. మీ అమ్మను తప్పుపట్టకు. పొద్దున నుంచి ఆ సూదుల దగ్గర కూర్చుని వచ్చిన మనిషి.

మీ నాన్న గుమ్మం దగ్గరే కుర్చీలో కూలబడ్డాడు. "ఇడువు, చిన్నబిడ్డ" అన్నాడు. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు. నువ్వు ఏడుస్తూ నా దగ్గరికే పరిగెత్తి వచ్చావు. నా చీరలో ముఖం దాచుకున్నావు. ఏ కొంగుతో తుడిచానో ఆ కొంగులోనే. నేను నీ తల నిమిరాను. నిమురుతూ నోరు తెరవలేదు.

నువ్వు రాయడం ఆపేశావు. రాయి తల్లీ. ఇంకా ఉంది. ఇది సగమే.

రెండు రోజుల తరువాత మీ నాన్న కొంచెం తేరుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. కారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెనక చక్రం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మా, ఇట్ల రా" అన్నాడు. మీ అమ్మ బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయింది. నువ్వు బడిలో.

"నిమ్మకాయ వాసన వస్తా ఉండాది" అన్నాడు.

నేను నేలకేసి చూశాను.

"పాప చేతికి ఆ కొమ్మ అందదు మా."

"నీ కోసరమే చేసినా నాయనా. నీకు బాగవుతాదని..."

"తెలుసు. కోపం లేదు నాకు, సత్యంగా లేదు. కడ్డీ ఏముంది, పళ్లకు కట్టే తీగ పెట్టి నిలబెట్టేస్తా. రంగు కడిగేసి మళ్లా కొడతా. అది కాదు. పాప ఆ పొద్దు నుంచి బల్ల దగ్గరికి రావడం లేదు. చూసినావా? ముక్క ఇమ్మంటే చెయ్యి ఎనక పెట్టుకుంటాది. దానికి చెప్పెయ్ మా, అది చెయ్యలేదని."

"నువ్వే చెప్పరాదా?"

"నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టుంటాది. నువ్వు చెప్తే దానికి నీ మీద ఇంకా ప్రేమే వస్తాది. చెప్తావా?"

"రేపు చెప్తా" అన్నాను.

అన్నట్టే కడ్డీని తీగతో నిలబెట్టాడు. అల్మారాలో చూడు, అతుకు కనపడదు. పళ్లు కట్టే చేయి అది. రంగంతా కడిగేశాడు, అందుకే బూడిద రంగు. ఆ కడగడానికే మూడు వారాలు పట్టింది, తేట రోజులు తగ్గిపోతూ వచ్చాయి. నేను ప్రతి రోజూ నీకు చెప్పాలనుకున్నాను. అన్నం కలిపి పెడుతూ అనుకున్నాను, జడ వేస్తూ అనుకున్నాను. నీకు చెబితే నువ్వు మీ అమ్మకు చెబుతావు. అత్త తన బిడ్డను కొట్టించి చూస్తూ నిలబడిందని కోడలికి తెలుస్తుంది. అంతే నా భయం. అంత చిన్నది. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికి.

దీపావళి దాటాక జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం మీ అమ్మ మందుల కోసం కిందికి దిగింది. మీ నాన్న నా చేయి పట్టుకున్నాడు.

"మా, పాపకు చెప్పినావా?"

"చెప్పినా" అన్నాను.

"ఏమనింది?"

"నవ్వింది."

"మంచిది" అని కళ్లు మూసుకున్నాడు.

రాయి. "చెప్పినా" అన్నాననే రాయి. అది కొట్టేయకు. కారు విరగ్గొట్టడం తెలియక చేసింది. నువ్వు దెబ్బలు తినేటప్పుడు ఊరుకోవడం పిరికితనం. ఇది మాత్రం నా కొడుకు ముఖం చూస్తూ చెప్పిన అబద్ధం. ఆ తరువాత ఎనిమిది రోజులు ఉన్నాడు. మళ్లీ అడగలేదు. ఎందుకు అడుగుతాడు, నన్ను నమ్మాడు.

వాడు పోయాక పదహారో రోజు కార్యానికి తిరువలం నుంచి మన బంధువు ఒకామె వచ్చింది. అల్మారా ముందు నిలబడి, "పాపం, పాప ఇరగ్గొట్టకుండా ఉండింటే ఇది కూడా అయిపొయ్యుండును" అంది. నువ్వు తలుపు పక్కనే ఉన్నావు. నేను విన్నాను, నువ్వు విన్నావని కూడా చూశాను. బొరుగుల బుట్ట ఎత్తుకుని లోపలికి పోయాను.

అప్పటి నుంచి నిన్ను చూస్తూనే ఉన్నాను. గాజు గ్లాసు ఇస్తే స్టీలు లోటా అడుగుతావు. ఎవరి బిడ్డనైనా ఎత్తుకోమంటే వద్దంటావు. పోయిన నెల మీ నాన్న పాత స్నేహితుడు వచ్చి, పన్నెండో తరగతి అయ్యాక పళ్ల ల్యాబు చదువుకు వేలూరులో సీటు చూస్తానన్నాడు. నీ ముఖం ఒక్క క్షణం వెలిగింది. నేను చూశాను. తరువాత నువ్వే అన్నావు, "వొద్దు మామా, నా చేతికి ఏమిచ్చినా ఇరిగిపోతాది" అని. నవ్వుతూనే అన్నావు.

నీ చేయి ఏమీ విరగ్గొట్టలేదు. విరగ్గొట్టింది ఈ చేయి. ఇదిగో, అగ్గిపెట్టెలు అతికించిన చేయి, ముడత పడకుండా అంకెలు అతికించిందని మీ నాన్న మెచ్చుకున్న చేయి. అదే.

అంతే. అయిపోయింది. ఏమైనా అను.

ఇంత సేపూ నువ్వు తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తావు. ఇక ఇది కూడా రాయి, నువ్వు అన్నదీ నేను అన్నదీ.

"ఆసుపత్రిలో నాయన నాతో ఒక మాట అన్నాడు అవ్వా" అన్నావు. "మంచం పక్కన నిలబడితే చెయ్యి పట్టుకోని, 'అవ్వ చెప్పింది గదా, ఇంక సరేనా?' అన్నాడు. దేని గురించో నాకు తెలీలేదు. మంచిగా ఉండమని నువ్వు చెప్పుంటావు, దాని గురించేమో అనుకున్నా."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నా. తల ఊపినా."

వాడు ఇద్దరినీ అడిగాడు. నేను చెప్పినా అన్నాను, నువ్వు సరే అన్నావు. ఇప్పుడు పదకొండేళ్ల తరువాత ఆ మాట తెలిసి, నేను ఏడవాలో, వాడు కొంచెం నెమ్మదిగా పోయాడని ఊరట పడాలో తెలియడం లేదు. ఊరట పడే హక్కు నాకు లేదు.

"పదకొండేండ్లు అవ్వా" అన్నావు.

"ఔను."

"నేను దాన్ని ఒక్క తూరి కూడా ముట్టుకోలేదు."

"తెలుసు."

లేచి పోయి అల్మారా తెరిచావు. తొమ్మిదో కారు తీశావు. రెండు చేతులతో, నీళ్లు నిండిన గిన్నె పట్టుకున్నట్టు. తీగ పెట్టిన కడ్డీని వేలితో తడిమావు. దాని వెనక పెట్టెలో అంకెల కాగితం ఉంది, అదీ తీశావు. పసుపు పచ్చగా మాగిపోయింది. ఆరు అంకె అక్కడే ఉంది. నీళ్లలో వేద్దామా అన్నట్టు నా వైపు చూశావు. వద్దన్నాను. ఇన్నేళ్లయితే అది నీళ్లలో ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఆ పని నాకు తెలుసు. ఆ ఒక్కటీ ఇప్పుడు కుదరదు.

కారును పక్కన పెట్టి మళ్లీ పెన్ను తీసుకున్నావు. నేను అన్నాను, "మీ అమ్మ పని ముగించుకుని వేలూరు బస్సులో వచ్చే టైము అయింది. ఇది అంతా ఆమెకు చదివి వినిపించు. నేను ఎదురుగానే కూర్చోనుంటా. ఆమె ఏమన్నా పడతా."

"నేను చదవను" అన్నావు.

"ఎందుకు?"

"మళ్లా నా చేతిలో పెడతా ఉండావు అవ్వా. నువ్వే చెప్పల్ల. నీ నోటితో."

నిజమే. కాగితం మీద పెట్టి, నీ నోటితో చదివించి, మళ్లీ వంటింట్లో నిలబడాలనుకున్నాను.

"సరి" అన్నాను. "నువ్వు పక్కన ఉంటావా?"

నువ్వు కారును తీసుకుపోయి అల్మారాలో పెట్టకుండా బల్ల మీదే ఉంచావు, గుమ్మంలో నుంచి వచ్చేవాళ్లకు కనపడేట్టు.

గేటు చప్పుడవుతోంది. పెన్ను పెట్టెయ్. ఆ కుర్చీ ఇట్లా జరుపు, మీ అమ్మ వచ్చి కూర్చోనీ.